భుజం ఎత్తున బెజ్జాలు

మే నెల మొదట్లో మా రేవుకు పలకలు వచ్చాయి. పైన్ చెక్క, ఇంకా తడి ఆరనిది, జిగురు వాసన వీధి చివరిదాకా కొట్టేది. పెద్ద పడవల్లో తెచ్చి ఉక్కు మిల్లు వెనకాల దింపి, మనిషికి రెండింతల ఎత్తున దొంతరలు పేర్చారు. మా ఊరు కోల్టన్ ఫెర్రీలో అంత చెక్క ఒక్కసారిగా ఎవరూ చూసి ఎరగరు. పగటి పని దిగి వచ్చేవాళ్ళు ఆగి చూసి, తలో మాటా అనుకుంటూ ఇళ్ళకు పోయారు.

మా ఆయన ఇథెల్ ప్రోబర్ట్ ఆ మిల్లులో వడ్రంగి. ఉక్కు పని కాదు ఆయనది. తలుపులు, నిచ్చెనలు, బళ్ళ అడుగు చెక్కలు, ఏది విరిగితే అది బాగుచేయడం. ఊళ్ళో సగం మందిమి వేల్స్ నుంచి సముద్రం దాటి ఈ దేశానికి వచ్చినవాళ్ళం. మిగతా సగంలో ఐరిష్‌వాళ్ళు, ఈ మధ్యే దిగుతున్న స్లొవాకులు. కొలిమి దగ్గరా, ఉక్కు పలకలు సాగదీసే రోలర్ల దగ్గరా పనిచేసేవాళ్ళకు యూనియన్ ఉంది. వడ్రంగులకు లేదు. మా అన్న ట్యూడర్ బెవన్ ఆ యూనియన్‌కు మా ఊళ్ళో పెద్ద. కంపెనీతో యూనియన్‌కు ఉన్న ఒప్పందం జూన్‌తో ముగుస్తుంది. కొత్త ఒప్పందం సంగతి అడగడానికి అన్నయ్య మిల్లు సూపరింటెండెంట్ విట్లో దగ్గరికి రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇచ్చి, వానల గురించి మాట్లాడి పంపించాడు.

ఆ చెక్కతో మిల్లు చుట్టూ కంచె కట్టమన్నారు. నదిగట్టు నుంచి రైలు కట్టదాకా, అక్కడినుంచి మళ్ళీ నది దాకా. ఇనప ముక్కలు దొంగలపాలవుతున్నాయని మేస్త్రీ హాగర్టీ చెప్పాడట. ఇథెల్‌కు మాత్రం సంతోషంగానే ఉంది. ఎన్నాళ్ళకో చేతినిండా పని.

ఆదివారం చర్చి అయ్యాక అన్నయ్య మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆయన భార్య పోయాక అదొక అలవాటు. బంగాళాదుంపలు, పంది మాంసం పళ్ళెంలో వేస్తుండగానే మొదలుపెట్టాడు.

"ఏం బావా, విట్లో దొరకి కోళ్ళ దొడ్డి కట్టిస్తున్నావంట?"

"కోళ్ళెవరో చూసుకో మరి. లోపల కూసేది మీరేగా" అన్నాడు ఇథెల్.

"పుంజులం బావా, పుంజులం! ఇంత ఎత్తు కంచె ఎగిరి దూకలేమనుకున్నాడా ఏంటి?"

"దూకకు. పైన ముళ్ళ తీగ కూడా ఉంటుందంట."

అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు గానీ, చేతిలో ఫోర్కు ఆగింది. "పాత ఇనుము దొంగలకి ముళ్ళ తీగా?" అన్నాడు. ఇథెల్ భుజాలు ఎగరేసి, రొట్టె తుంచుకున్నాడు. ఆ మాట అక్కడితో పోయింది.

ఆ వారంలోనే విట్లో గారి భార్య చర్చి హాలుకు చారల గుడ్డ తానులు తానులుగా పంపింది. పరుపుల గలేబులు కుట్టాలట. కంపెనీ ఆస్పత్రికని చెప్పారు. కుట్టుకూలి బాగానే ఇస్తామన్నారు. మా వీధి ఆడవాళ్ళమంతా మధ్యాహ్నాలు అక్కడ కూర్చునేవాళ్ళం. నా పక్కన వెరోనా హుదాక్ కూర్చునేది. మా పక్కింటి పిల్ల. పెళ్ళయి వచ్చి మూడేళ్ళు కాలేదు, చంకలో ఒకడు, కడుపులో ఒకరు. ఆమె మొగుడు ఓండ్రెయ్ కొలిమి దగ్గర పనివాడు. మొదట్లో ఆ పిల్లకు మా భాష రాదు, నాకు తనది రాదు. రొట్టె పిండి అరువులతో మొదలై చివరికి నన్ను అక్కా అని పిలిచేదాకా వచ్చింది.

"అక్కా, ఈ ఊళ్ళో అంత మంది రోగులున్నారా?" అంది ఒకరోజు, కుట్టి పడేసిన గలేబుల గుట్టను చూపిస్తూ. గుట్ట కిటికీ సగందాకా వచ్చింది.

"ఆస్పత్రి పెద్దది చేస్తారేమోలే."

"నాకు తెలుసులే. మా ఆయన గురక దెబ్బకి ఊరంతా మంచాన పడుతుందని ముందుగానే కుట్టిస్తున్నారు" అంది. హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. గలేబుల్లో కూరడానికి గడ్డి బళ్ళు ఆస్పత్రి వైపు కాకుండా మిల్లు వైపు పోతున్నాయని ఎవరో అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు.

జూన్ నడుస్తుండగా కంచె రైలు కట్టదాకా వచ్చింది. ఒక సాయంత్రం ఇథెల్ మామూలు కన్నా తొందరగా ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కోలేదు. వీధి తలుపు చౌకట్టు దగ్గర నిలబడి, సుద్దముక్కతో దాని మీద ఒక గీత గీశాడు. కాస్త వెనక్కి జరిగి చూశాడు.

"ఏంటది?"

"హాగర్టీ ఇవాళ ఒక కర్ర తెచ్చాడు, గ్వెన్. దాని మీద ఒక గంటు ఉంది. గుంజకీ గుంజకీ మధ్య ఆ గంటు ఎత్తున ఒక బెజ్జం వెయ్యమన్నాడు. పెద్ద బర్మాతో. నీ పిడికిలి పట్టేంత."

"ఎందుకంట?"

"బయట ఎవరున్నారో చూడ్డానికంట." ఆయన ఆ గీత దగ్గర కన్ను పెట్టాడు. పెట్టాలంటే మెడ, నడుమూ రెండూ వంచాల్సి వచ్చింది. "చూడ్డానికైతే కంటి ఎత్తున వేస్తారు కదా. ఇది చూడ్డానికి కాదు. ఇది..."

నేను ఇల్లు ఊడుస్తున్నాను అప్పుడు. ఆయన నా చేతిలోని చీపురు తీసుకున్నాడు. కుచ్చు వైపు తన భుజానికి ఆనించుకుని, కర్ర చివర ఆ గీత పక్కనుంచి బయటికి పెట్టాడు. చెంప కర్ర మీదికి వాలింది. ఒక కన్ను మూసుకున్నాడు. వంగాల్సిన పని లేకపోయింది. ఆ గీత సరిగ్గా ఆయన భుజం ఎత్తున ఉంది.

కర్ర చివర ఎదురుగా, వీధి పంపు దగ్గర వెరోనా బకెట్ నింపుకుంటోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది.

"ఏంటి బావగారూ, నన్ను కూడా ఊడ్చేస్తారా?"

ఇథెల్ చీపురు కింద పడేశాడు. తలుపు మూశాడు. ఆ సుద్ద గీతను అరచేత్తో తుడిచి, తుడిచి, చెక్క మీద తెల్లటి మరక మిగిలాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. నాకు అప్పుడు చర్చి హాలులో కిటికీ సగందాకా వచ్చిన గలేబుల గుట్ట కళ్ళ ముందు కనపడింది. ఎవరో వస్తున్నారు. వందల మంది. మిల్లు లోపలే పడుకుంటారు. వాళ్ళకు పక్కలు నేను కుడుతున్నాను, కిటికీలు ఆయన వేస్తున్నాడు.

మర్నాడు ఇథెల్ మేస్త్రీని అడిగాడు. హాగర్టీ చెడ్డవాడు కాదు. మా చిన్నది ఎర్రజ్వరంతో పోయినప్పుడు పెట్టెకు చెక్క ఊరికే ఇచ్చాడు. ఇథెల్ అడిగింది విని పక్కకు తీసుకెళ్ళాడట.

"ప్రోబర్ట్, నాకు కర్ర ఇచ్చారు. నీకు బర్మా ఇచ్చాను. ఇంతకన్నా నాకూ తెలీదు, నువ్వూ తెలుసుకోకు."

"తుపాకీలకేగా?"

"నువ్వుండేది కంపెనీ ఇంట్లో అని గుర్తుందా?"

"ఉంది."

"అయితే బెజ్జాలెయ్యి. ఖాళీ బెజ్జం ఎవర్నీ చంపదు."

ఆ రోజూ ఆ మర్నాడూ ఆయన బెజ్జాలు వేశాడు. ఇంటికి వచ్చి తినేవాడు కాదు. రెండో రోజు సాయంత్రం అన్నయ్యను పిలిపించి అంతా చెప్పాడు. అన్నయ్య ఆ రాత్రే యూనియన్ పెద్దలను కూడేసి చెప్పాడు. వాళ్ళు ఏమన్నారో వచ్చి మాకు చెబుతుంటే, అన్నయ్య తనలో తాను వాదించుకుంటున్నట్టే ఉంది.

"నవ్వారు, గ్వెన్. ముసలాళ్ళంతా నవ్వారు. ఇది వేల్స్ కాదంట, ఐర్లండ్ కాదంట. ఇక్కడ రాజు లేడంట. ఊరి పెద్ద మనతో రోలర్ తిప్పేవాడు, మనం ఓటేసి కూచోబెట్టినోడు. జిల్లా పోలీసుల మీదుండే షెరీఫ్ కూడా మన ఓట్లతో గెలిచినోడే. ఓటున్న మనిషి మీద ఈ దేశంలో తుపాకీ ఎవడెత్తుతాడని అడిగారు."

"నువ్వేమనుకుంటున్నావు అన్నయ్యా?"

"వాళ్ళ మాటే నిజమవ్వాలని." తర్వాత ఇథెల్ వైపు తిరిగాడు. "బావా, నువ్వు మానెయ్యి."

"మానేస్తే బర్మా చల్లారకముందే ఇంకోడు అందుకుంటాడు."

"అందుకోనీ. వాడు నా చెల్లెలి మొగుడు కాదుగా!"

"ఇల్లు పోతుంది. వీధిలో ఎవరు నిలబడతారు, నువ్వా?"

"బెజ్జం ముందు ఎవరు నిలబడతారో అది చెప్పు ముందు!"

ఇథెల్ బల్ల మీద చెయ్యి వేసి కొట్టాడు. మా పెళ్ళయ్యాక ఆయన అలా చెయ్యడం నేను చూడలేదు. అన్నయ్య టోపీ తీసుకుని, "నేను నిలబడతాను బావా. ఎటూ తప్పదు. ఆ బెజ్జం నువ్వు వేసింది అయితే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది" అని వెళ్ళిపోయాడు.

పొద్దున్నే ఇథెల్ మిల్లుకు వెళ్ళి బర్మాను హాగర్టీ కాళ్ళ దగ్గర పెట్టి వచ్చాడు. హాగర్టీ తిట్టలేదట. "నీ ఇష్టం" అని మాత్రం అన్నాడట. ఇథెల్ గేటు దాటకముందే వెనకాల మళ్ళీ చెక్క తొలిచే చప్పుడు వినపడిందట.

నేను చర్చి హాలుకు వెళ్ళడం మానేశాను. వెళ్ళి చెప్పి మానేశాను. చారల గుడ్డ చేతిలో పట్టుకునే అందరికీ చెప్పాను. కొందరు సూదులు కింద పెట్టారు. కొందరు తల దించుకుని కుట్టుకుంటూనే ఉన్నారు. వాళ్ళను ఏమనడానికీ నోరు రాలేదు. ఒక్కొక్కరి ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయో నాకు తెలుసు. వెరోనా మాత్రం కుడుతున్న గలేబును పళ్ళతో పట్టుకుని అడ్డంగా చించింది. ఆ చప్పుడుకు అందరూ తలెత్తారు.

వారం తిరక్కుండానే మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమన్నారు. వెరోనా వాళ్ళది కంపెనీ ఇల్లు కాదు, చర్చి వాళ్ళది. ఉన్న రెండు గదుల్లో ఒకటి మాకిచ్చింది. వద్దన్నా వినలేదు. "మా ఆయన గురక గోడకవతల నుంచి కూడా వినపడుద్ది, ముందే చెప్తున్నా" అంది.

జూన్ ఆఖరు రోజున కంపెనీ ఒప్పందం మాట ఎత్తనే లేదు. మర్నాడు పనికి వెళ్ళినవాళ్ళకు గేటు మూసి ఉంది. లోపలినుంచి ఎవరూ పలకలేదు. పొగ గొట్టాలు చల్లారిపోయాయి. నేను ఆ ఊరు వచ్చినప్పటినుంచీ ఒక్క రోజు కూడా వినని నిశ్శబ్దం అది. నది పారే చప్పుడు ఇంట్లోకి వినిపించడం అదే మొదలు. ఆరేసిన బట్టలు మొదటిసారి తెల్లగా ఆరాయి. అది చూసి సంతోషించాల్సిన ఆడవాళ్ళు తాడు దగ్గర నిలబడి గుసగుసలాడుకునేవాళ్ళు.

మగవాళ్ళు కంచె చుట్టూ కాపలా తిరిగేవాళ్ళు. బయటివాళ్ళు ఎవరూ లోపలికి పోకుండా చూసుకుంటే కంపెనీ దిగి వస్తుందని అన్నయ్య చెప్పాడు. తాగి ఎవరూ రావద్దనీ, తుపాకీ ఎవరూ పట్టుకోవద్దనీ ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పిల్లలు బెజ్జాలకు కళ్ళు పెట్టి ఆడుకునేవాళ్ళు. లోపల ఖాళీ ఆవరణ, ఆవరణలో ఎండ. దూరం నుంచి చూస్తే ఆ కంచె పొడుగునా బెజ్జాల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించేది. ఇథెల్ వాటి వైపు వెళ్ళేవాడు కాదు. వెళ్ళాల్సి వస్తే అవతలి వీధిలోంచి నడిచేవాడు.

రైలు వచ్చింది పట్టపగలు. సరుకు పెట్టెలే అన్నీ. తలుపులకు బయటినుంచి చెక్కలు కొట్టి ఉన్నాయి. స్టేషన్‌లో ఆగలేదు, నేరుగా మిల్లులోకి పోయే పట్టాల మీదికి మళ్ళింది. అందులో కంపెనీ తెప్పించిన కిరాయి మనుషులే ఉంటారని, అది కనపడగానే చర్చి గంట కొట్టారు. ఊరు ఊరంతా కంచె దగ్గరికి పరిగెత్తింది. రైలు లోపలికి పోయింది, గేటు మూసుకుంది. పెట్టెల తలుపులు లాగుతున్న చప్పుడు, బూట్ల చప్పుడు, ఎవరో పేర్లు పిలుస్తున్న చప్పుడు. మాకు కనపడేది కంచె ఒక్కటే.

వెళ్ళొద్దన్నా వెరోనా ఆగలేదు. ఓండ్రెయ్ ముందు వరసలో ఉన్నాడని ఆమె గోల. నేను ఆమె చెయ్యి పట్టుకుని జనం వెనకాల నిలబడ్డాను. ఇథెల్ మా పక్కన ఉన్నాడు. అన్నయ్య గేటు ముందుకు పోయి, టోపీ తీసి చేత్తో పట్టుకుని గట్టిగా మాట్లాడుతున్నాడు.

"లోపలున్న అన్నల్లారా! మీకేం చెప్పి తీసుకొచ్చారో మాకు తెలీదు. ఇది మా పని, మా ఊరు. మాకు మీతో పగ లేదు. మీ టిక్కెట్టు డబ్బులు మేమిస్తాం, వెళ్ళిపోండి!"

లోపల ఎవరో నవ్వారు. మా వైపునుంచి ఎవడో రాయి విసిరాడు. అది పలకకు తగిలి టక్కుమంది. "ఎవడ్రా అది? వద్దన్నానా!" అని అన్నయ్య వెనక్కి తిరిగి అరిచాడు.

అప్పుడు ఇథెల్ నా చెయ్యి నొక్కాడు. కంచె వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. గేటు పక్కనున్న బెజ్జంలో వెలుగు చుక్క ఆరిపోయింది. దాని పక్కది ఆరింది. ఆ పక్కది. ఎవరో వరసగా నడుస్తూ దీపాలు ఆర్పుతున్నట్టు, కంచె పొడుగునా ఒక్కొక్క చుక్కా నల్లబడుతూ మా వైపు వచ్చింది.

జనంలో ఎవరికీ అది అర్థం కాలేదు. ఇథెల్ నా చెయ్యి వదిలి ముందుకు దూకాడు.

"కంచెకి అంటుకోండి!" అని అరిచాడు. మనుషులను భుజాలు పట్టి ముందుకు తోస్తున్నాడు. "వెనక్కి పోవద్దు! కంచె దగ్గరికి రండి! బెజ్జానికీ బెజ్జానికీ మధ్య నిలబడండి! తుపాకీ పక్కకి తిరగదు! దగ్గరికి రండి!"

జనం ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. తుపాకీ అన్న మాట విన్నవాళ్ళు ఎవరైనా చేసే పనే చేశారు. వెనక్కి తిరిగి పరిగెత్తారు. మొదటి తూటా ఎటునుంచి పేలిందో తర్వాత ఎన్ని విచారణలు జరిగినా తేలలేదు. రెండోది మాత్రం కంచెలోంచే వచ్చింది. ఆ తర్వాత ఆ కంచె మొత్తం పేలింది.

ఇథెల్ నన్నూ వెరోనానూ ఈడ్చుకుపోయి పలకలకేసి అదిమాడు. నా చెంప పచ్చి చెక్కకు ఆనుకుని ఉంది. నా చెవికి జానెడు దూరంలో ఒక ఇనప గొట్టం బయటికి వచ్చి, నిప్పు కక్కి, లోపలికి పోయి, మళ్ళీ వచ్చింది. ఆ గొట్టం పట్టుకున్నవాడు రొప్పడం నాకు వినపడుతోంది. పలక మందం తప్ప మా మధ్య ఏమీ లేదు. వాడు కాల్చిన ప్రతిసారీ "దేవుడా, దేవుడా" అంటున్నాడు. కుర్ర గొంతు. నన్ను కాల్చాలన్నా వాడికి చేతకాదు, నా వైపు తిప్పే సందు లేదు. మా వరసలో పలకలకు అంటుకున్నవాళ్ళం ముప్ఫై నలభై మందిమి ఉంటాం. మాలో ఎవరికీ గీత కూడా పడలేదు.

మేం కళ్ళు తెరిచి చూస్తుండగా పరిగెత్తేవాళ్ళు పడిపోయారు.

ఓండ్రెయ్ పరిగెత్తింది తప్పించుకోవడానికి కాదు. వెరోనాను వెతుక్కుంటూ జనం వెనక్కి, మేం ఇంతకుముందు నిలబడి ఉన్న చోటికి పరిగెత్తాడు. అక్కడ మేం లేం. ఆగి, చుట్టూ చూసి, "వెరోనా!" అని పిలిచాడు. ఆమె ఇక్కడున్నానని అరిచింది. ఆయన మా వైపు తిరిగి, ఆమెను చూసి, మొహం తేటపడి ఒక్క అడుగు వేశాడు. అంతే.

ఏడుగురు పోయారు. అన్నయ్యకు తొడలో తూటా దిగింది, బతికాడు. పోయినవాళ్ళకు పెట్టెలన్నీ ఇథెల్ ఒక్కడే చేశాడు. సాయం వస్తామన్నవాళ్ళను రానివ్వలేదు.

నాలుగు రోజులకు గవర్నరు సైన్యాన్ని పంపుతున్నాడని తెలిసింది. ఊళ్ళో అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. గవర్నరు కూడా మన ఓట్లతో గెలిచినవాడే, లోపలున్నవాళ్ళను ఖైదు చేయడానికే వస్తున్నారని యూనియన్ ముసలాళ్ళు చెప్పారు. బ్యాండు వాళ్ళు మంచి కోట్లు వేసుకుని స్టేషన్‌కు పోయారు. ఊరి పెద్ద స్వాగతం చెప్పడానికి నాలుగు మాటలు రాసుకున్నాడు. రైలు దిగిన కల్నల్ ఆ మాటలు విన్నాడు, టోపీ మీద చెయ్యి కూడా వేయలేదు. సైనికులు బ్యాండును పక్కకు నెట్టి, వరసలు కట్టి, మిల్లు దాకా నడిచారు. మిల్లు గేటు తెరుచుకుంది. వాళ్ళు మా వైపు మొహాలు పెట్టి గేటు ముందు నిలబడ్డారు. వాయించేవాళ్ళలో ఒకడికి విషయం ఎక్కలేదేమో, వాడొక్కడే కాసేపు బాకా ఊదుతూ ఉండిపోయాడు.

చావుల మీద విచారణ జిల్లా కోర్టులో పెట్టారు. తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చున్నవాళ్ళంతా దుకాణాల వాళ్ళు, స్థలాలు అమ్మేవాళ్ళు. ఇథెల్ సాక్ష్యం చెప్పాడు. ఎవరు చెబితే వేశాడో, ఏ ఎత్తున వేశాడో చెప్పాడు. కంపెనీ వకీలు మర్యాదగానే అడిగాడు.

"మిస్టర్ ప్రోబర్ట్, ఆ బెజ్జాలు తుపాకీల కోసమని మీకెవరైనా చెప్పారా?"

"చెప్పలేదు."

"చూడ్డానికని చెప్పారు కదా?"

"చెప్పారు. కానీ..."

"అంతే చాలండి. కూర్చోండి."

హాగర్టీ కూడా చూడ్డానికేనని చెప్పాడు. చెప్పేటప్పుడు ఇథెల్ వైపు చూడలేదు. గుర్తు తెలియని వ్యక్తుల చేతిలో మరణం అని జ్యూరీ తేల్చింది. మధ్యాహ్నం భోజనం వేళకు అంతా అయిపోయింది. బయట మెట్ల మీద ఇథెల్ నాతో, "నన్ను అరెస్టు చేస్తారేమో అనుకున్నా, గ్వెన్. చేస్తే బాగుండు అనిపించింది" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను.

ఆకులు రాలే కాలానికి మిల్లులో సగం కొలుములు వెలిగాయి. ఎవరెవరివో మొహాలు, ఎక్కడెక్కడివో భాషలు. చలి ముదిరేకొద్దీ మావాళ్ళూ ఒక్కొక్కరే గేటు దగ్గరికి వెళ్ళి, యూనియన్ వదిలేశామని సంతకం పెట్టి, తక్కువ కూలికి, పన్నెండు గంటల పనికి లోపలికి పోయారు. నవంబరు ఎన్నికల్లో మేస్త్రీలు పనివాళ్ళను బారులు తీర్చి ఓటుకు తీసుకెళ్ళారు. హాగర్టీ ఊరి పెద్ద అయ్యాడు. నలుగురు కలిసి వీధిలో నిలబడితే నోటీసు లేకుండా చెదరగొట్టవచ్చని కొత్త కట్టడి వచ్చింది. కంచె అలాగే ఉంది. అన్నయ్యను ఈ నది పొడుగునా ఏ మిల్లూ గేటు దాటనివ్వలేదు. కుంటుకుంటూ పడమటికి, ఎక్కడో రాగి గనుల వైపు పోయాడు. పోయేముందు ఇథెల్‌ను కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

మేమూ పోదామనుకున్నాం. అవతలి జిల్లాలో గుమ్మాలు, కిటికీలు చేసే దుకాణంలో ఇథెల్‌కు పని దొరికింది. వెరోనాను కూడా రమ్మన్నాను. అప్పటికి ఆమెకు ఆడపిల్ల పుట్టి నెల అయింది.

"రాలేనక్కా. మా తమ్ముడొస్తున్నాడు. మతూష్. ఓండ్రెయ్ ఉన్నప్పుడే ఓడ టిక్కెట్టు పంపాం. ఇవాళో రేపో దిగుతాడు."

"వాణ్ణీ తీసుకుని రా."

"వచ్చి ఏం చేస్తాడు? వాడికి చెక్క పని రాదు. ఏ పనీ రాదు. గొర్రెలు కాసినోడు."

మా సామాన్లు బండికి ఎక్కిస్తున్న రోజునే ఆ తమ్ముడు వచ్చాడు. పొడుగ్గా, ఎర్రటి చెవులతో, వీపున మూట. అక్కను ముద్దు పెట్టుకుని, మేనల్లుణ్ణి భుజానికెత్తుకుని, వీధి చివరిదాకా పోయి మిల్లు వైపు చూస్తూ నిలబడ్డాడు. పొగ గొట్టాలన్నీ మండుతున్నాయి. ఆకాశం ఎర్రగా ఉంది. వాడు వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"ఎంత పెద్దదో అంటున్నాడు" అంది వెరోనా. "మా ఊరి కొండకన్నా పెద్దదంట. రేపే తీసుకుపొమ్మంటున్నాడు."

"వాడికి చెప్పలేదా?"

"ఉత్తరంలో రాయలేదక్కా, వాడికేం తెలీదు. ఇప్పుడు చెప్తే..." చంటిపిల్లను ఒక భుజం మీదనుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "చెప్తే ఏం తింటాం అక్కా?"

ఇథెల్ బండి దిగాడు. ఆమె దగ్గరికి వెళ్ళి, "నేను చెప్తాను. నువ్వు వాడికి అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు. వాణ్ణి పిలిచి, వీధి మధ్యలో, మేనల్లుడు భుజం మీద కూర్చుని మామ చెవులు లాగుతుండగా, ఇథెల్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. కర్ర, గంటు, బర్మా, రైలు, ఓండ్రెయ్. వెరోనా ఒక్క మాట వదలకుండా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పింది. మతూష్ నవ్వు పోయింది. కంచె వైపు చూశాడు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగాడు.

వెరోనా దాన్ని మా భాషలోకి మార్చింది.

"లోపలికి పోయినోళ్ళని కూడా కాలుస్తారా అంటున్నాడు."

"లేదు" అన్నాడు ఇథెల్. "లోపలికి పోతే కాల్చరు."

వాడు తల ఊపాడు. మేనల్లుణ్ణి కిందికి దింపి, టోపీ సర్దుకున్నాడు. గేటు ఎటువైపో చూపించమని చేత్తో సైగ చేశాడు. ఇథెల్ చూపించాడు.